నిలబడిపోయిన డీజిల్ కారుకు ఓబీడీ అడాప్టర్: ఎంతవరకు పనికొచ్చింది

ఏడాదికి పైగా కదలకుండా ఉన్న డీజిల్ కారును మళ్లీ దారిలో పెట్టడానికి నేను కొన్న బ్లూటూత్ ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు) అడాప్టర్ మీద ఈ రివ్యూ. అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా అది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే, ఇంజన్ కంప్యూటర్ ఏం చూస్తోందో మనకూ కనిపిస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను: కొనమనే చెబుతాను. అయితే ఇది జబ్బు పేరు చెప్పే యంత్రం కాదు. ఎక్కడ వెతకాలో చెబుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఎక్కడ వెతకనక్కర్లేదో చెబుతుంది. పక్కన మూరెడు పారదర్శకమైన డీజిల్ పైపు, ఒక మల్టీమీటర్ లేకపోతే మాత్రం దీనితో సగం పనే అవుతుంది.

మాది నాలుగు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్. అంటే హైప్రెషర్ పంపు డీజిల్‌ను 'రైల్' అనే ఉమ్మడి గొట్టంలో ఒత్తిడితో నింపితే, అక్కడినుంచి నాజిళ్లు (ఇంజెక్టర్లు) దాన్ని సిలిండర్లలోకి చిమ్ముతాయి. ఉద్యోగం వేరే చోటికి మారడంతో బండి షెడ్డులోనే ఉండిపోయింది. ట్యాంకులో సగం కన్నా తక్కువే డీజిల్ ఉంది. తిరిగొచ్చాక కొత్త బ్యాటరీ వేయించి సెల్ఫ్ కొడితే చాలాసేపటికి గానీ అందుకోలేదు. అందుకున్నాక బండంతా ఊగిపోయేది. వెనక తెల్లటి పొగ, కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) ఒక్కచోట నిలిచేది కాదు, పైకీ కిందికీ ఆడేది. కాసేపు నడిచాక కొంత సర్దుకునేది, మర్నాడు పొద్దున మళ్లీ మొదటికొచ్చేది. చూడటానికి వచ్చిన మెకానిక్ బానెట్ దగ్గర చెవి పెట్టి విని, "నాజిళ్లు పోయాయమ్మా, నాలుగూ మార్చేద్దాం" అన్నాడు.

"అయ్యుండొచ్చన్నా. కానీ ఏది పోయిందో తెలియకుండా నాలుగూ ఎందుకు మార్చడం?" అన్నాను.

"ఇన్నాళ్లు నిలబడ్డ బండికి అదే అవుతుందమ్మా" అన్నాడు.

ఆయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది. నిలబడ్డ బళ్లలో నాజిళ్లు పట్టేయడం నిజంగానే జరుగుతుంది. కానీ కామన్ రైల్ నాజిల్ చిన్న వస్తువు కాదు. కొత్తది వేస్తే చాలా ఇంజన్లలో దాని మీదున్న కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించాలి కూడా. అంత ఖర్చుకు దిగే ముందు కంప్యూటర్ ఏమంటోందో చూడాలనిపించి అడాప్టర్ తెప్పించాను.

నిలబడ్డ డీజిల్ బండిలో ఏమేం పాడవుతాయో తెలిస్తే స్కానర్‌లో కనిపించే అంకెలకు అర్థం తెలుస్తుంది, కాబట్టి ఆ మాట ముందు. మామూలు డీజిల్ ఆరు నెలల నుంచి ఏడాది దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత గాలి తగిలి ఆక్సీకరణ జరిగి జిగురు కడుతుంది. ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే లోపల అంత గాలి, ఆ గాలిలో అంత తేమ. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ తేమ గోడలకు నీటి చుక్కలుగా పట్టి కిందికి జారుతుంది. డీజిల్ నీటికన్నా తేలిక, లీటరు సుమారు 830 గ్రాములు, అందుకే నీళ్లు అడుగున చేరతాయి. నీళ్లూ డీజిలూ కలిసే ఆ గీత దగ్గరే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిలో అమోర్ఫోథెకా రెసినే అనే శిలీంధ్రం పేరుమోసింది, విమాన ఇంధన ట్యాంకుల్లోనూ అదే సమస్య. గోధుమరంగు జిగట పొరలా తేలి ఫిల్టర్‌ను మూసేస్తుంది. బయోడీజిల్ కలిసిన డీజిల్ అయితే తేమను ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది.

ఇక రబ్బరు. డీజిల్‌లో తడుస్తూ ఉన్నంతకాలం మెత్తగా ఉండే ఓరింగులు (అతుకుల దగ్గర పెట్టే రబ్బరు చుట్లు), నాజిళ్లలో మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపులు ఎండిపోతే గట్టిపడి కుంచించుకుపోతాయి. చూడటానికి పైకి ఏమీ కనిపించదు. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో మసి తేమ పట్టి అట్టకడితే అది కాస్త తెరుచుకునే ఉండిపోతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు పెడతాయి. ఏ స్కానర్ పెట్టే ముందైనా టార్చ్ వేసి ఇవన్నీ కంటితో చూసుకోవాలి, ఎయిర్ ఫిల్టర్ మూత తప్పకుండా విప్పి చూడాలి. మా బండిలో వైర్లు బాగానే ఉన్నాయి. ఆయిల్ లెవెల్ చూశాను, డీజిల్ కలిసి పెరిగిందేమోనని డిప్‌స్టిక్ వాసన కూడా చూశాను. అదీ బాగుంది.

ఇప్పుడు అడాప్టర్ సంగతి. ఓబీడీ సాకెట్ అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో డీజిల్ కార్లకు 2004 నుంచి తప్పనిసరి అయింది. సాకెట్ ఆకారం, పిన్నుల అమరిక అన్ని కంపెనీలకూ ఒకటే. 16వ పిన్‌లో బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నుల్లో ఎర్త్, క్యాన్ లైన్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) ఉన్న బళ్లలో 6, 14 పిన్నుల్లో అది వస్తుంది. చవక అడాప్టర్లలో ఎక్కువ వాటి మీద ఈఎల్ఎం327 అని రాసి ఉంటుంది. అది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ చేసిన చిప్ పేరు. ఆ పేరుతో నకళ్లు విపరీతంగా ఉన్నాయి, కొన్నింటిలో కొన్ని ఆదేశాలే పనిచేయవు. కోడ్లు, అంటే ఏ లోపం కనిపించిందో కంప్యూటర్ నమోదు చేసుకునే గుర్తులు, చదవడం వరకు నకిలీది కూడా చేసిపెడుతుంది. కంపెనీ సొంత డేటా అడిగినప్పుడు నోరు మెదపదు. నాది అసలు చిప్ కాకపోయినా మంచి నకలే, పొడవాటి ఆదేశాలు కూడా తీసుకుంటోంది. సాకెట్‌లో గట్టిగా కూర్చుంటుంది, కారు ఎంత ఊగినా కనెక్షన్ తెగలేదు. పెద్దగా ఊగే బండి మీదే పరీక్షించాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

ఒక లోపం మాత్రం నిలబెట్టే బళ్లవాళ్లంతా గుర్తుపెట్టుకోవాలి. 16వ పిన్‌లో తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. ఈ అడాప్టర్‌కు స్విచ్ లేదు, దానంతట అది నిద్రలోకి పోదు. లైట్ వెలుగుతూనే ఉంటుంది. రోజూ తిరిగే బండికి ఫరవాలేదు గానీ, వారాల తరబడి ఆగే బండిలో దీన్ని వదిలేస్తే మెల్లగా బ్యాటరీని తాగేస్తుంది. పని కాగానే ఊడదీయాల్సిందే.

దీనితో నాకు బాగా నచ్చిన పని ఇంజన్ స్టార్ట్ చేయకముందే జరుగుతుంది. రాత్రంతా చల్లబడ్డ బండిలో తాళం ఆన్ పొజిషన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా సెన్సర్లు చూడాలి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒక్కటే ఉండాలి. రెండూ రాత్రంతా ఒకే చోట ఉన్నాయి కదా. ఒకటి 26 డిగ్రీలు, ఇంకొకటి మైనస్ 40 చూపిస్తే ఆ సెన్సరో దాని వైరో పోయినట్టే, ఆ తప్పుడు లెక్కతోనే కంప్యూటర్ డీజిల్ కొలుస్తుంది. ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టంలో ఉండే మ్యానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ బయటి గాలి పీడనమే చూపాలి: సముద్రమట్టం దగ్గర 100 కిలోపాస్కల్ చుట్టూ, ఎత్తైన ఊళ్లలో ఇంకాస్త తక్కువ. రైల్ ప్రెషర్ సున్నా దగ్గర ఉండాలి. ఆగి ఉన్న ఇంజన్‌లో అది 100 బార్ చూపిస్తుంటే సెన్సర్ అబద్ధం చెబుతున్నట్టు. ఇక కంట్రోల్ మాడ్యూల్ వోల్టేజ్. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి జారకూడదు. వోల్టేజ్ పడిపోతే ఇంజన్, ఏబీఎస్, స్టీరింగ్ అన్నీ కలిసి ఒకేసారి కోడ్లు చిమ్ముతాయి. నిలబడ్డ బండిలో మొదటిసారి చదివినప్పుడు కనిపించే పది కోడ్లలో చాలావరకు పాత బ్యాటరీ చచ్చిపోతున్నప్పుడు పుట్టినవే. మా బండిలో సెన్సర్లన్నీ ఒకదానితో ఒకటి పొసిగాయి. ఒక్క నట్టు విప్పకుండా ఐదు అనుమానాలు కొట్టివేయగలిగాను. ఈ ఒక్క పనికోసమే అయినా అడాప్టర్ కొనొచ్చు.

కోడ్ల విషయానికొస్తే, పీ0562 ఒకటి ఉంది. వోల్టేజ్ తక్కువ అని దాని అర్థం, బ్యాటరీ కథ. దాని పక్కన పీ0087, అంటే రైల్‌లో డీజిల్ ప్రెషర్ చాలడం లేదు. యాప్ ఆ కోడ్ కింద కారణాలు కూడా రాసింది: హైప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు, ప్రెషర్ రెగ్యులేటర్, ఫిల్టర్. ఈ జాబితా నాకు అస్సలు నచ్చలేదు. ఖరీదైనవి పైన పెట్టి ఫిల్టర్‌ను అడుగున పెట్టారు. గాలి పట్టడం అన్న మాటే లేదు. దీన్ని చదివి పంపు మార్చేసేవాళ్లు ఎంతమంది ఉంటారోనని బాధేస్తుంది. కోడ్ చెప్పేది లక్షణం మాత్రమే. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది, ఎందుకొచ్చిందో అది చెప్పలేదు.

కోడ్ కన్నా దాని వెనకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ ఎక్కువ చెప్పింది. తప్పు నమోదైన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో కంప్యూటర్ తీసి పెట్టుకునే చిత్రం అది. మా బండిలో ఆ క్షణాన ఇంజన్ 840 ఆర్‌పీఎం, కూలెంట్ 27 డిగ్రీలు, లోడ్ తక్కువ. అంటే చల్లటి ఇంజన్, ఐడిల్‌లో. ఫిల్టర్ మూసుకుపోయినా పంపు నీరసించినా ప్రెషర్ సాధారణంగా గట్టిగా తొక్కినప్పుడు, చాలా డీజిల్ కావాల్సినప్పుడు పడిపోతుంది. ఏ పనీ లేని ఐడిల్‌లోనే ప్రెషర్ నిలవడం లేదంటే రెండు అనుమానాలు ముందుకొస్తాయి. ఒకటి, నాజిళ్లలోంచి డీజిల్ రిటర్న్‌కి ఎక్కువగా కారిపోవడం. రెండు, డీజిల్‌తో పాటు గాలి రావడం. ఇక్కడ యాప్ మీద పెద్ద ఫిర్యాదు: కోడ్లు చెరిపేసే బటన్ చదివే బటన్ పక్కనే ఉంది, నొక్కితే "ఖాయమేనా" అని అడగదు కూడా. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. అందుకని కోడ్ కనిపించగానే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇంజన్ నడుస్తుండగా చూసే లైవ్ డేటా దగ్గర అడాప్టర్ బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి. యాప్ రైల్ ప్రెషర్‌ను కిలోపాస్కల్‌లో చూపిస్తుంది: 28,000 అంటే 280 బార్. వందతో భాగించుకోవడం అలవాటైపోతుంది గానీ బార్‌లోకి మార్చే సెట్టింగ్ ఇచ్చి ఉంటే బాగుండేది. కామన్ రైల్ ఇంజన్లు వేడెక్కాక ఐడిల్‌లో సుమారు 250 నుంచి 350 బార్ మధ్య స్థిరంగా ఉంటాయి. మాది 220కి పడి 340కి ఎగిరి మళ్లీ పడేది. ఐడిల్ ఊగడమూ ఈ ఊగడమూ ఒక్కటేనని గ్రాఫ్ చూడగానే తెలిసిపోయింది. అయితే ఒకేసారి పది సెన్సర్లు ఎంచుకుంటే అడాప్టర్ నత్తనడక నడుస్తుంది, గ్రాఫ్ మెట్లు మెట్లుగా వస్తుంది. ఆర్‌పీఎం, రైల్ ప్రెషర్ రెండే ఉంచితే చక్కగా వచ్చింది.

అసలు విషయం తేల్చింది ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు. ఐడిల్‌లో ఏ సిలిండర్ వెనకబడుతోందో కంప్యూటర్ క్రాంక్ వేగం చూసి పసిగట్టి, దానికి కొంచెం ఎక్కువ డీజిల్, ముందుకు దూకే దానికి కొంచెం తక్కువ ఇస్తుంది. ఈ దిద్దుబాటు ఎంతన్నది మిల్లీగ్రాముల్లో చూడొచ్చు. ఇది ఓబీడీ ప్రమాణంలో లేదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా దాచుకుంటుంది. అందుకని యాప్‌లో మా బండి కంపెనీ ప్యాకేజీ విడిగా కొనాల్సి వచ్చింది. డబ్బాతో పాటు అమ్మే ఉచిత యాప్‌లో ఇది రాదని డబ్బా మీద ఎక్కడా రాయలేదు, అది న్యాయం కాదు. కొన్నాక మాత్రం ఫలితం దక్కింది. నాజిల్ ఒకటి పాడైతే దాని అంకె అదే సిలిండర్‌కు అంటిపెట్టుకుని ఉంటుంది: మూడోదానికి ప్లస్ నాలుగు, ఎప్పుడు చూసినా ప్లస్ నాలుగు. మా బండిలో అలా లేదు. ఒక క్షణం రెండోది ప్లస్ అయితే ఇంకో క్షణం నాలుగోది, తర్వాత ఒకటోది. తప్పు సిలిండర్ నుంచి సిలిండర్‌కు తిరుగుతోంది. నాలుగు నాజిళ్లూ వంతులవారీగా చెడిపోయి బాగుపడవు కదా. నాలుగింటికీ ఉమ్మడిగా వచ్చేదాంట్లోనే తేడా ఉంది.

అయినా మెకానిక్ అనుమానానికి విలువిచ్చి రిటర్న్ పరీక్ష కూడా చేయించాను. ఒక్కో నాజిల్ రిటర్న్ పైపు ఊడదీసి, గీతలున్న చిన్న గొట్టాలు తగిలించి, ఐడిల్‌లో కాసేపు నడిపి, ఎందులో ఎంత చేరిందో పోల్చడమే ఈ పరీక్ష. నాజిల్ లోపలి వాల్వ్ అరిగితే ఆ గొట్టం మిగతావాటికన్నా చాలా త్వరగా నిండుతుంది. నాలుగూ దాదాపు ఒకే ఎత్తులో ఆగాయి. "నాజిళ్లు బాగానే ఉన్నాయమ్మా" అని ఆయనే అన్నాడు. స్కానర్ మాటను పక్కనుంచి ఇంకో పరీక్షతో సరిచూసుకోవడం ఇంత తేలికైనప్పుడు వదులుకోకూడదు.

ఇక్కడ అందరికీ ఒక హెచ్చరిక. పాత పద్ధతి డీజిల్ ఇంజన్లలో, ఏ సిలిండర్ మిస్ కొడుతోందో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజన్ మీద ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసేవారు. కామన్ రైల్‌లో ఆ పని చేయనే కూడదు. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన ఈ పద్ధతిలో రైల్ ప్రెషర్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, తొక్కితే 1,600 బార్, కొత్త ఇంజన్లలో 2,000 బార్ కూడా దాటుతుంది. సన్నటి చిల్లులోంచి వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కణజాలం చచ్చిపోతుంది, వేళ్లు తీసేయాల్సి వచ్చే గాయం అది. కారుతోందని అనుమానం ఉంటే చెయ్యి పెట్టి తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. అలాంటి గాయం అయితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

నేను పెట్టిన పారదర్శకమైన పైపు ప్రెషర్ లేని వైపుది: ఫిల్టర్‌కూ హైప్రెషర్ పంపుకూ మధ్య. మా బండిలో ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు లేదు. ఇంజన్ మీదున్న పంపే డీజిల్‌ను ట్యాంకు నుంచి లాక్కుంటుంది. అంటే ఆ దారంతా పీల్పు కింద ఉంటుంది. సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క మరక లేదని లీక్ లేదనుకోకూడదన్నది ఇందుకే. డీజిల్ తట్టుకునే పైపు ముక్క కొత్త క్లిప్పులతో బిగించి, చేతి ప్రైమర్ (డీజిల్‌ను చేత్తో నొక్కి ముందుకు పంపే చిన్న పంపు) గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేశాం. మొదట లేత పసుపు డీజిల్ ఒక్క మచ్చ లేకుండా కదిలింది. ఇంజన్ కాస్త కుదురుకోగానే పైపు పైభాగాన సన్నటి నురుగు గీత మొదలైంది. ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అప్పుడప్పుడు అవన్నీ కలిసి వేలి గోరంత పెద్ద బుడగై పైపు వంపు దగ్గర ఆగేది, ఆగి ఒక్కసారిగా పంపులోకి జారేది. అది జారగానే ఫోన్‌లో ప్రెషర్ గీత కిందికి కుంగేది, ఆ వెంటనే బండి ఊగేది. బుడగ, గీత, ఊగడం. కళ్లముందు మూడూ వరసగా జరుగుతుంటే ఇక అనుమానానికి తావు లేదు. ఫిల్టర్ మార్చిన వెంటనే ఒకటి రెండు బుడగలు రావడం, వంపులో చిన్న బుడగ కదలకుండా నిలవడం మామూలే. ఆగకుండా వచ్చే వరసే జబ్బు.

గాలి ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోవడానికి పైపును మెల్లగా వెనక్కి జరుపుతూ పోవాలి. ఫిల్టర్‌కు ముందు పెడితే బుడగలు లేవు, తర్వాత పెడితే ఉన్నాయి. కాబట్టి ఫిల్టర్ దగ్గరే. విప్పితే మూత కింద ఓరింగ్ బల్లపరుపుగా నొక్కుకుపోయి, గోటితో గిచ్చితే పెళుసుగా విరిగింది. అడుగున నీళ్లు వదిలే స్క్రూ వాషర్ కూడా అంతే. ఫిల్టర్ గిన్నెలో డీజిల్‌ను గాజు సీసాలో పోసి కదలకుండా ఉంచాం. కాసేపటికి అడుగున నీళ్లు విడిపోయాయి, మధ్యలో పల్చటి గోధుమరంగు తెర తేలింది. దాంతో ట్యాంకు ఖాళీ చేసి కడిగించాం. పాత డీజిల్‌లో కొత్తది కలిపి తిప్పేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. సీసాలో డీజిల్ మెరుస్తూ తేటగా ఉంటే అలా చేయొచ్చు. అడుగున నీళ్లు కనిపించాయంటే మాత్రం తీసేయడమే మంచిది, నీళ్లు హైప్రెషర్ పంపును, నాజిళ్లను తుప్పు పట్టించి నిజంగానే పాడుచేస్తాయి. శిలీంధ్రాన్ని చంపే మందు పోసినా చచ్చిన మడ్డి వచ్చి ఫిల్టర్‌లోనే పడుతుంది, కాబట్టి కొన్నాళ్లకే ఇంకో ఫిల్టర్ మార్చుకోవాలి. స్టార్ట్ కావడం లేదని ఈథర్ స్ప్రే కొట్టడం మాత్రం వద్దు. గ్లో ప్లగ్ (చల్లటి ఇంజన్ అందుకోవడానికి సిలిండర్‌ను వేడిచేసే ప్లగ్) ఎర్రగా ఉన్న సిలిండర్‌లో అది ముందే పేలి పిస్టన్‌ను దెబ్బతీయొచ్చు.

కొత్త ఫిల్టర్, కొత్త ఓరింగ్, వాషర్ వేశాక రైల్ ప్రెషర్ 280 చుట్టూ గీత గీసినట్టు నిలిచింది. కరెక్షన్ విలువలు నాలుగూ ఒక మిల్లీగ్రాము లోపలే కుదురుకున్నాయి. అడాప్టర్ ఈ మార్పును అంకెల్లో చూపించడం వల్ల "బాగైనట్టే ఉంది" అనుకోవాల్సిన పని లేకపోయింది, బాగైందని తెలిసింది.

కానీ చల్లటి పొద్దున స్టార్ట్ చేస్తే మొదటి కొద్ది క్షణాలు ఒక సిలిండర్ తడబాటు, కొంచెం తెల్లపొగ ఇంకా ఉన్నాయి. ఇక్కడ అడాప్టర్ చేతులెత్తేసింది. పీ0671 నుంచి పీ0674 దాకా ఒక్కో గ్లో ప్లగ్‌కు ఒక్కో కోడ్ ఉంటుంది గానీ, ఒక్కో ప్లగ్‌ను విడిగా గమనించే కంట్రోలర్ ఉన్న బళ్లలోనే అవి వస్తాయి. మా దాంట్లో నాలుగింటికీ కలిపి ఒకే రిలే. యాప్ "తప్పులేవీ లేవు" అని ఆకుపచ్చ టిక్కు చూపించింది. మల్టీమీటర్‌తో ఒక్కో ప్లగ్ వైరు తీసి కొలిస్తే మూడు ఒక ఓమ్ లోపే ఉన్నాయి, ఒకటి అసలు కనెక్షనే లేనట్టు చూపించింది. దాన్ని మార్చడంతో పొద్దుటి తడబాటు పోయింది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ విప్పడం తేలిక, అయినా బలవంతం చేయకూడదు. లోపల విరిగితే సిలిండర్ హెడ్ విప్పేదాకా పోతుంది పని. ఆకుపచ్చ టిక్కు అర్థం కంప్యూటర్‌కు కనిపించే తప్పులేవీ లేవని, అంతే.

రోడ్డు మీద వేగం పెరిగితే వచ్చిన వణుకు విషయంలోనూ అంతే. స్కానర్‌లో ఏమీ లేదు, ఉండదు కూడా. వణుకు ఆర్‌పీఎంతో కాకుండా వేగంతో మారుతోంది. ఒకేచోట బరువు మోసి టైర్లలో చదునైన మచ్చలు పడ్డాయి. సరైన గాలి నింపి కొంత దూరం తిప్పాక చాలావరకు తగ్గాయి. బ్రేక్ డిస్కుల తుప్పు కూడా అలాగే పోయింది.

కాబట్టి ఇది ఎవరికి? ఇంట్లో డీజిల్ బండి ఉండి, దాన్ని నెలల తరబడి ఆపాల్సి వచ్చే ప్రతివాళ్లకూ. సొంతంగా స్పానర్ పట్టకపోయినా మెకానిక్‌తో మాట్లాడటానికి చేతిలో అంకెలు ఉంటాయి. మా మెకానిక్ కూడా గ్రాఫ్ చూశాక నాజిళ్ల మాట పక్కన పెట్టి పైపు తెచ్చాడు. కోడ్ కొట్టేసి లైట్ ఆర్పడమే కావాలనుకునేవాళ్లకు మాత్రం దీన్ని నేను సిఫార్సు చేయను. ఆ లైట్ మళ్లీ వెలుగుతుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ పోగొట్టుకోవడమే మిగులుతుంది.

కొనేముందు మూడు సంగతులు అడగండి. స్విచ్ గానీ, దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు గానీ ఉందా. యాప్‌లో రైల్ ప్రెషర్‌ను లాగ్ చేసి దాచుకునే వీలు ఉందా. అన్నిటికన్నా ముఖ్యం, మీ బండి కంపెనీయే కాదు, మీ ఇంజన్ పేరుతో సహా ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు చూపించగలదా. యాప్ తయారుచేసినవాళ్ల జాబితాలో మీ ఇంజన్ కనిపించకపోతే ఈ అడాప్టర్ వద్దు, మీ కంపెనీ బళ్ల కోసమే చేసిన స్కానర్ తీసుకోండి.